జమ్సరాన్ కలిపిన మాట

ఖోవ్స్‌గల్ సరస్సు పడమటి గట్టున, రష్యా సరిహద్దుకి కాస్త ఇవతల, పశువుల్ని మేపుకునేవాళ్ళలో కాస్త వయసు మళ్ళిన వాళ్ళని ఎవరినైనా అడగండి, ఆ యుద్ధం సినిమాలో రష్యా సైనికుడు చనిపోతూ ఏమన్నాడని. "నా గుర్రాన్ని ఎవరికీ ఇవ్వొద్దని మా తమ్ముడితో చెప్పండి" అన్నాడంటారు. నిజానికి ఆ సినిమాలో గుర్రమే లేదు. ఆ మాట జమ్సరాన్‌ది.

జమ్సరాన్ సర్కారు సినిమా బండి మీద పాతికేళ్ళకు పైగా తిరిగాడు. బొమ్మలన్నీ రష్యా నుంచి వచ్చేవి, మాటలన్నీ రష్యా భాషలో ఉండేవి. చూసేవాళ్ళకి ఆ భాష రాదు. అందుకని జమ్సరాన్ ప్రొజెక్టరు పక్కన ముక్కాలిపీట వేసుక్కూర్చుని, తెర మీద ఎవరు నోరు తెరిస్తే వాళ్ళ మాట తను చెప్పేవాడు. సేనాపతి గొంతు తనదే, పెళ్ళికూతురి గొంతూ తనదే. అతనికొచ్చిన రష్యా భాష కూడా అంతంతమాత్రమే. అర్థమైనది చెప్పేవాడు, కానిచోట కల్పించేవాడు. జనానికి కల్పించినవే ఎక్కువ నచ్చేవి. ఎండబెట్టిన పెరుగుగడ్డలు కొరుకుతూ, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని, జమ్సరాన్ ఏడిపించినచోట ఏడ్చి, నవ్వించినచోట నవ్వి లేచిపోయేవాళ్ళు.

తర్వాత ప్రభుత్వం మారింది. కొట్లలో సరుకు కనపడ్డం మానేసింది. సినిమా ఆఫీసుకి తాళం పడింది. బండినీ ప్రొజెక్టర్నీ వెనక్కి ఇమ్మని అడిగేవాడే లేకపోయాడు. జమ్సరాన్ ప్రొజెక్టర్ని ఉన్నికంబళిలో చుట్టి మంచం కింద పెట్టి, బండి మీద అడవి నుంచి కట్టెలు తోలడం మొదలుపెట్టాడు. మనిషి పొట్టకి లోటు లేదుగాని మొహంలో కళ పోయింది. "మేకల ముందు కూర్చుని కథలు చెప్తున్నాడమ్మా. వినలేక పాలు తగ్గించేశాయి" అని అతని భార్య దుల్మా ఇరుగుపొరుగుకి చెప్పుకునేది.

అలా ఉండగా ఒకరోజు బళ్ళో పాఠాలు చెప్పే సరంగెరెల్ వాళ్ళ గుడారానికి వచ్చింది. పాతికేళ్ళు కూడా లేని పిల్ల. పట్నంలో చదువుకునేటప్పుడు యేసుని నమ్ముకుంది. ఊళ్ళో ఆమె గదిలో ఆదివారంపూట పదిమంది చేరి పాటలు పాడుకుంటారని అందరికీ తెలుసు.

"బాబాయ్, మీ ప్రొజెక్టరు ఇంకా పనిచేస్తుందా?" అని అడిగింది.

"నాకంటే బాగానే ఉంది."

"పట్నం నుంచి సినిమా తెప్పించాను. యేసు జీవితం. రీళ్ళు నా గదిలో ఉన్నాయి. ఊళ్ళోనూ, చుట్టుపక్కల మేత నేలల్లోనూ చూపించాలని. మీరొస్తారా?"

జమ్సరాన్ వెన్ను నిటారుగా చేసుకుని కూర్చున్నాడు. ఏ సినిమా అయితేనేం, సినిమా. "ఏ భాష?" అన్నాడు.

"మన భాషే. మనవాళ్ళే గొంతులిచ్చారు."

"మరి నేనేం చెయ్యను?"

"నడపండి."

"అంతేనా?"

"అంతే బాబాయ్. మీ గురించి విన్నాను కాబట్టి ముందే చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. ఈ సినిమా తీసినవాళ్ళు పుస్తకంలో లూకా రాసినదే తీశారు. ఆయన నోట పుస్తకంలో లేని మాట ఒక్కటి పెట్టలేదు. మనం పక్కన కూర్చుని ఇంకోటి కలిపితే, విన్నవాళ్ళకి ఏది ఆయనదో ఏది మనదో తెలీదు కదా."

పొయ్యి దగ్గర టీ మరిగిస్తున్న దుల్మా గరిటె ఆపింది. "ఓ టీచరమ్మా, మా జడలబర్రె ఒకటుంది. దాన్నోసారి ఎగరమని అడిగి చూడు. అదైనా నీ మాట వింటుందేమో."

జమ్సరాన్ అప్పటికే మంచం కిందకి వంగి కంబళి మూట లాగుతున్నాడు.

మొదటి ఆట బడి హాల్లో వేశారు. చాలాకాలానికి సినిమా అనేసరికి ఊరంతా వచ్చింది. జమ్సరాన్‌కి ఆ సాయంత్రం నాలుక మీద చీమలు పాకినట్టుంది. పట్నం వాళ్ళ గొంతులు విని, "ఆ పేతురు గొంతువాడు రేడియోలో వాతావరణం చదువుతున్నట్టున్నాడు" అని సరంగెరెల్ చెవిలో గొణిగాడు. ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది.

బొమ్మ అయ్యాక ఒక పశువుల కాపరి లేచి, "తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తక్కినవాటిని కొండల్లో వదిలి వెళ్ళాడన్నారే, వాటిని ఎవరికి అప్పజెప్పాడు? తోడేళ్ళ సంగతేంటి?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. జమ్సరాన్ దగ్గర జవాబు తయారుగా ఉంది. బావమరిదికి అప్పజెప్పాడని, ఆ బావమరిది నిద్రమొహమని, ఇంకా రెండు నిమిషాలు నవ్వించగలడు. పళ్ళు బిగపట్టుకున్నాడు. సరంగెరెల్ మాత్రం, "పుస్తకంలో చెప్పలేదన్నా. నాకూ తెలీదు" అంది.

ఆ కాపరి మళ్ళీ వారం తిరక్కుండా ఆమె గది తలుపు కొట్టాడు. గొర్రెలు కాస్తూ అదే ఆలోచిస్తున్నానని, ఒక్కదాని కోసం అలా వెళ్ళేవాడెవడో సరిగ్గా తెలుసుకోవాలని ఉందని అన్నాడు. జమ్సరాన్‌కి ఇది వింతగా తోచింది. తను నవ్వించి పంపితే జనం నవ్వేసి మర్చిపోయేవాళ్ళు. ఈ పిల్ల తెలీదని చెప్పి పంపితే వెతుక్కుంటూ వస్తున్నారు.

చలికాలమంతా ఆ ఊరూ ఈ ఊరూ తిరిగారు. తిరిగి తిరిగి జమ్సరాన్‌కి సినిమా మొత్తం నోటికి వచ్చేసింది. పాత సినిమాల్లో నాయకుడు మాట్లాడితే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఈయన మాట్లాడితే సగంమంది లేచి వెళ్ళిపోతున్నారు, అయినా ఈయన గొంతు పెంచడు. ఆ సంగతి జమ్సరాన్‌కి నచ్చింది. ఎందుకు నచ్చిందో ఎవరితోనూ చెప్పలేదు.

మే నెలలో సరస్సు మీద మంచు ఇంకా పలకలు పలకలుగా తేలుతుండగా, గట్టున వసంతపు మేతకి దిగిన వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. అక్కడ యంజ్మా గుడారమే పెద్దది. అందుకని సినిమా అందులోనే వెయ్యాలనుకున్నారు.

యంజ్మా భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కడే కొడుకు, పేరు ఒచిర్. లారీ నడిపేవాడు. మొన్న మార్చిలో పిండి బస్తాలతో గడ్డకట్టిన సరస్సు మీదుగా అడ్డంగా వస్తూ, మంచు విరిగి లారీతో సహా లోపలికి వెళ్ళిపోయాడు. వెనకొచ్చినవాళ్ళకి నల్లటి నీళ్ళు, పక్కన అతని టోపీ కనిపించాయి. మనిషి దొరకలేదు. దొరకలేదు కాబట్టి యంజ్మా ఏడవలేదు. లామాని పిలిపించి కర్మ చేయిద్దామని మరిది గెలెగ్ అంటే, "ఎవరికి చేస్తావు? వాడికి ఈత వచ్చు. అవతల గట్టున తేలి ఉంటాడు" అని టీ పోసి పంపింది. రోజూ పొద్దున కొడుకు గిన్నె కడిగి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేది.

ఆ మధ్యాహ్నం గుడారం పైకప్పు కంతని కంబళితో మూసి, లోపలి గోడకి తెల్లగుడ్డ కట్టారు. చుట్టుపక్కల గుడారాల వాళ్ళంతా ఇరుకిరుగ్గా కూర్చున్నారు. యంజ్మా అందరికంటే ముందు, తెరకి చెయ్యిచాపితే అందేంత దగ్గర కూర్చుంది.

కథ మొదలై కొంతసేపయిందో లేదో, ప్రొజెక్టర్లో శబ్దానికుండే చిన్న బల్బు టక్కుమని మాడిపోయింది. బొమ్మ ఆడుతోంది, మాట లేదు. పిల్లలు గోల మొదలెట్టారు.

"ఇంకో బల్బు లేదా బాబాయ్?" అంది సరంగెరెల్.

"ఉంటే మాట్లాడుతూ ఉంటానా? నాకంతా వచ్చు. చెప్పనా?"

ఆమె అతని వంక చూసింది. "ఉన్నదున్నట్టు."

"ఉన్నదున్నట్టే."

జమ్సరాన్ గొంతు సవరించుకున్నాడు. నిజంగానే ఉన్నదున్నట్టు చెప్పాడు. చేపల బరువుకి పడవలు మునగబోయినప్పుడు జమ్సరాన్ గొంతులో భయం విని, సరస్సు పక్కనే పుట్టి పెరిగినవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. ఆ తర్వాత బయట జనరేటరు దగ్గడం మొదలైంది. సరంగెరెల్ పెట్రోలు డబ్బా పట్టుకుని వెళ్ళింది.

అప్పుడే తెర మీద నాయీను ఊరి గుమ్మం వచ్చింది. విధవరాలు. ఒక్కడే కొడుకు. శవాన్ని మోసుకొస్తున్నారు. యేసు ఆమెని చూసి, దగ్గరికి వచ్చి, ఏడవద్దన్నాడు. జమ్సరాన్ ఆ మాట చెప్పాడు. చెబుతుంటే తెర మీది వెలుగు, సగం అతని వైపు తిరిగిన యంజ్మా మొహం మీద పడింది. ఆమె మొహం ఎండిన చెక్కలా ఉంది. జమ్సరాన్ నోరు ఆగలేదు. "ఎదురుచూసే ఏ తల్లి కొడుకునీ నేను నీళ్ళకి వదిలిపెట్టను. గుమ్మం దాకా తీసుకొచ్చి అప్పగిస్తాను" అన్నాడు, అదే గొంతుతో.

యంజ్మా నోట్లోంచి సన్నగా ఒక శబ్దం వచ్చింది. చెక్కలాంటి మొహం మెత్తబడింది. అది చూసి జమ్సరాన్ ఒళ్ళు పులకరించింది. సరంగెరెల్ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి ఆ కుర్రవాడు పాడె మీద లేచి కూర్చుంటున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా జమ్సరాన్ ఈల వేస్తూ బండి నడిపాడు.

జూన్ సగం గడిచాక గెలెగ్ ఉప్పు కోసం ఊళ్ళోకి వచ్చాడు. గుర్రాన్ని బడి కంచెకి కట్టి నేరుగా సరంగెరెల్ గదిలోకి వచ్చాడు. జమ్సరాన్ ఆ మూల కూర్చుని రీళ్ళకి దుమ్ము తుడుస్తున్నాడు. మగవాళ్ళిద్దరూ పలకరింపుగా నస్యం బుడ్డీలు మార్చుకున్నారు. పశువులు కండ పట్టాయా అని జమ్సరాన్ మర్యాదకి అడిగాడు.

"మావి పట్టాయి. మా వదినవి ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు" అన్నాడు గెలెగ్. "అందుకే వచ్చాను. మేమంతా పై లోయకి వేసవి మేతకి వెళ్ళిపోయాం. ఆమె కదలనంటోంది. గట్టున గడ్డి గోకేసినట్టయింది. మేకలు వేళ్ళు పీక్కు తింటున్నాయి. పదండి వదినా అంటే, మీ దేవుడు కొడుకుని గుమ్మం దాకా తెచ్చి ఇస్తానన్నాడట. గుమ్మం ఇక్కణ్ణించి తీసేస్తే వాడెక్కడికి వస్తాడు అంటోంది. ఇదేం సినిమా టీచరమ్మా? మనిషిని కట్టేసింది."

సరంగెరెల్‌కి అర్థం కాలేదు. "అలాంటి మాట సినిమాలో లేదన్నా. పుస్తకంలోనూ లేదు."

"ఉంది. నా చెవులతో నేను విన్నాను. నీళ్ళకి వదలను అన్నాడు."

జమ్సరాన్ చేతిలో రీలు కింద పెట్టాడు.

"ఆ మాట నాది" అన్నాడు.

గెలెగ్ ముందు సరిగా వినపడనట్టు చూశాడు. తర్వాత మెల్లిగా, "మా అన్న పోయినప్పట్నుంచి ఆ మనిషి ఎలా బతికిందో తెలుసా నీకు? ఆమె కొడుకుని నీ గుర్రం కథ చేశావా?" అన్నాడు. జమ్సరాన్ తల వంచుకున్నాడు. తిట్టినా బాగుండేది. గెలెగ్ తిట్టకుండా బుడ్డీ తీసుకుని లేచి, గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

సరంగెరెల్ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. ఏడుస్తోందేమో అనుకున్నాడు జమ్సరాన్. ఇటు తిరిగినప్పుడు ఏడవడం లేదు.

"నేను అడిగింది ఒక్కటే కదా బాబాయ్" అంది.

"ఒక్కటే."

"బల్బు దొరికిందా?"

"పక్క ఊళ్ళో మూసేసిన క్లబ్బులోది ఒకటి తెచ్చాను. పనిచేస్తోంది."

"రేపు పొద్దున వెళ్దాం. మీరే చెప్పాలి. మీ బదులు నేను చెప్పను."

ఇంటికి వెళ్ళి దుల్మాకి జరిగింది చెప్పాడు. ఆమె పిండి పిసుకుతూ విన్నది.

"ఆమె మొహం చూసి ఆగలేకపోయానే" అన్నాడు.

"ఆమె మొహం చూసి కాదయ్యా. నువ్వో మాట అనగానే మొహాలు మారతాయే, అది చూడ్డం మరిగావు. సారా మరిగినట్టు." చేతులు కడుక్కుని మళ్ళీ అంది, "నేనూ వస్తాను రేపు. గుడారం విప్పడానికి ఆడమనిషి సాయం కావాలి."

"ఆమె విప్పుతుందని నీకెలా తెలుసు?"

"విప్పకపోతే కూర్చుని టీ తాగొస్తాను. నువ్వెళ్ళి ఆ మాట చెప్పాక ఆమె పక్కన ఎవరో ఒకరు ఉండాలిగా."

సరస్సు గట్టున యంజ్మా గుడారం ఒక్కటే మిగిలి ఉంది. తక్కినవి లేచిపోయిన చోట నేల మీద గుండ్రటి మచ్చలు. నీళ్ళు మాత్రం కళ్ళు చెదిరేంత నీలంగా, మంచు ముక్క లేకుండా ఉన్నాయి. యంజ్మా వాళ్ళని లోపలికి పిలిచి, ఉప్పు పాల టీ పోసి, మీగడ తెట్టు ముందు పెట్టింది. పాలు పల్చగా ఉన్నాయని తనే నొచ్చుకుంది.

జమ్సరాన్ గిన్నె ముట్టుకోలేదు. "అక్కా, ఒక మాట చెప్పడానికి వచ్చాను. ఆ రోజు సినిమాలో గుమ్మం దాకా తెచ్చి అప్పగిస్తానన్న మాట, అది ఆయనది కాదు. నేను కలిపాను."

యంజ్మా పొయ్యిలో ఒక కట్టె సర్దింది.

"తెలుసు" అంది.

జమ్సరాన్ తలెత్తాడు.

"పెళ్ళై ఈ గట్టుకి వచ్చినప్పట్నుంచీ నీ సినిమాలు వింటున్నాను జమ్సరానూ. నీ మాటలకి తోక ఉంటుంది. ఆయన మాటలకి లేదు. ఆ రోజు రాత్రే తెలిసింది నాకు."

"తెలిసి కూడా ఎందుకు కూర్చున్నావక్కా, పశువుల కడుపు మాడ్చుకుని?"

"కాదని చెప్పడానికి నువ్వు రాలేదుగా. ఎవరూ కాదననంతసేపు అవునేమో అనుకోవచ్చు." ఆమె గొంతులో కోపం లేదు. "పట్టుకోడానికి నాకు ఇంకేముంది? ఆ గిన్నె, నువ్వు చెప్పిన అబద్ధం."

దుల్మా లేచి వెళ్ళి ఆమె పక్కన, భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. బయట మేకలు అరుస్తున్నాయి.

కొంచెం సేపటికి యంజ్మా సరంగెరెల్ వైపు తిరిగింది. "ఇంతకీ ఆయన ఆ తల్లితో అసలేమన్నాడు?"

సరంగెరెల్ పుస్తకం తీసింది. "ఏడవద్దు, అన్నాడు."

"ఆ తర్వాత?"

"ఆమెతో అన్నది అంతే పెద్దమ్మా. ఆ తర్వాత వెళ్ళి పాడెని ముట్టుకున్నాడు. మోసేవాళ్ళు ఆగిపోయారు."

"ముట్టుకున్నాడా?" యంజ్మా ముందుకి వంగింది. "శవాన్ని మోసే పాడెనా? పరాయివాడు, దారినపోయేవాడు, చేత్తోనా?"

"అవును. చేత్తోనే."

"ఆ రోజు అది నేను చూడలేదు. నీ బాబాయి మాట విని కళ్ళు మూసుకున్నాను." ఆమె లేచింది. "ఆ ముక్క మళ్ళీ వేస్తారా? ఆయన గొంతుతోనే వెయ్యండి. నువ్వు మాట్లాడకు జమ్సరానూ."

పైకప్పు కంత మూశారు. గుడ్డ కట్టారు. నలుగురే ఉన్న గుడారంలో జమ్సరాన్ ఆ రీలు పెట్టి తిప్పాడు. జమ్సరాన్ వెక్కిరించిన పట్నం గొంతే, ఏ అలంకారం లేకుండా, ఏడవద్దంది. తెర మీద ఒక చెయ్యి వచ్చి పాడె కర్ర మీద ఆనింది.

"ఆమె అడగలేదు కదా" అంది యంజ్మా, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "పిలవనైనా లేదు. ఆయనే వచ్చాడు."

తర్వాత సరంగెరెల్‌ని సూటిగా అడిగింది. "నా ఒచిర్‌ని లేపుతాడా?"

ప్రొజెక్టరు చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. జమ్సరాన్ ఆ పిల్లని చూశాడు. అవునంటే ఎంత బాగుండును అని అతనికే అనిపించింది.

"రేపో ఎల్లుండో ఈ గుమ్మంలోకి వస్తాడని ఆయన నాకు చెప్పలేదు పెద్దమ్మా. చెప్పానంటే నేనూ బాబాయిలాగే చేసినట్టు. చివరి రోజున చనిపోయినవాళ్ళని లేపుతాడని పుస్తకంలో ఉంది, అది నేను నమ్ముతాను. అప్పటిదాకా, ఏడ్చేవాళ్ళ దగ్గరికి వస్తాడని ఉంది. మీరు ఇప్పుడు చూశారే, అదే."

యంజ్మా తలాడించింది. రీలు అయిపోయి తెర తెల్లబడింది. ఆ తెలుపు వంక చూస్తూ చూస్తూ ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఏడవద్దన్న మాట విన్నాకే ఆమెకి ఏడుపు వచ్చింది. దుల్మా ఆమెని గట్టిగా పట్టుకుంది. సరంగెరెల్ కూడా వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. జమ్సరాన్ బయటికి వెళ్ళి, మేకల్ని నీళ్ళకి తోలి, అవి తాగేంతసేపూ అక్కడే నిలబడ్డాడు. ఓదార్చడానికి ఒక్క మాట కూడా వెతుక్కోలేదు. ఎలా ప్రార్థించాలో అతనికి తెలీదు. "మీరు దగ్గరికి వస్తారన్నారు కదా, రండి" అని మాత్రం నీళ్ళవైపు చూస్తూ అన్నాడు.

ఆ రాత్రి అక్కడే పడుకున్నారు. పొద్దున లేచేసరికి యంజ్మా అప్పటికే గోడ కంబళ్ళ తాళ్ళు విప్పుతోంది. కొడుకు గిన్నెని గుడ్డలో చుట్టి తన పెట్టెలో, పట్టు కండువాల కింద పెట్టుకుంది. జడలబర్రె బళ్ళ మీద కర్రలూ కంబళ్ళూ ఎక్కించారు. బయల్దేరేముందు ఆమె పాలు పట్టుకుని ఒక్కతే నీళ్ళ దగ్గరికి వెళ్ళింది. పాలు చిలకరించి, ఏదో చెప్పి, తిరిగొచ్చింది. ఏం చెప్పిందని ఎవరూ అడగలేదు.

పై లోయలో గెలెగ్ వాళ్ళని దూరం నుంచే చూసి గుర్రం మీద ఎదురొచ్చాడు. జమ్సరాన్‌తో మాట్లాడలేదుగాని, గుడారం నిలబెట్టేటప్పుడు అతను మోస్తున్న కర్రకి రెండో కొస పట్టుకున్నాడు.

జూలైలో ఆ లోయలో మళ్ళీ సినిమా వేశారు. పిలుపుల పని యంజ్మాదే. గుర్రమెక్కి ప్రతి గుడారానికీ వెళ్ళి, "సినిమా ఉంది, రండి. ఈసారి జమ్సరాన్ నోరు విప్పడు" అని చెప్పింది. "అయితే ఎందుకు రావడం?" అన్నారు కొందరు. అన్నవాళ్ళూ వచ్చారు. బొమ్మ అయ్యాక ఒక ముసలాయన, "పందుల మందంతా నీళ్ళలో పడి చచ్చిందే, ఆ పందులవాడి నష్టం ఎవరిచ్చారు?" అని జమ్సరాన్‌ని అడిగాడు. జమ్సరాన్, "నాకు తెలీదు బాబూ. చదివి వినిపించమంటే వినిపిస్తాను" అన్నాడు. సరంగెరెల్ వెంటనే పుస్తకం అతని చేతికిచ్చింది. ఇవ్వాలని ముందుగా అనుకోలేదు, చేతిలో ఉంది ఇచ్చింది.

అతను చదివాడు. కలపకుండా, తియ్యకుండా, అక్షరమక్షరం. కాని ఆ గొంతు జమ్సరాన్ గొంతు. దయ్యాలు పందుల్లోకి వెళ్ళిపోయాక, అవి పట్టి ఉన్నవాడు స్వస్థబుద్ధితో ఆయన పాదాల దగ్గర కూర్చున్నాడన్నచోట, తాగుడుకి కొడుకుని పోగొట్టుకున్న ఒకావిడ "ఆ ముక్క ఇంకోసారి" అంది. ఇంకోసారి చదివాడు. అప్పట్నుంచి ఎక్కడ సినిమా వేసినా, అయ్యాక అడిగినవాళ్ళకి అడిగిన చోటు చదవడం జమ్సరాన్ పని అయింది. "చదువుతుంటే నా నోరు ఎక్కడికో పరిగెత్తాలని చూస్తుంది, పుస్తకం జుట్టు పట్టుకుని వెనక్కి లాగుతుంది. హాయిగానే ఉందిలే" అన్నాడు దుల్మాతో.

ఆకురాలే కాలానికి యంజ్మా గుడారంలో ఆదివారాలు ఏడెనిమిదిమంది చేరసాగారు. గెలెగ్ లోపలికి రాడు. బయట గుర్రం జీను బాగుచేసుకుంటున్నట్టు కూర్చుంటాడు. పాట వచ్చినప్పుడు సుత్తి ఆపుతాడు. జమ్సరాన్ మరుసటి వేసవిలో బాప్తిస్మం తీసుకున్నాడు. దుల్మా అదే రోజు తీసుకుందిగాని, నీళ్ళు అంత చల్లగా ఉంటాయని ముందు చెప్పనందుకు సరంగెరెల్‌ని చాలాకాలం సాధించింది.

ఆ ఏడాదే యంజ్మా ఒక మాట పైకి తెచ్చింది. ఆమె అక్క కనుమ అవతల, దుప్పులు పెంచుకునేవాళ్ళ మధ్య ఉంటుంది. ఆమెకీ ఈ మధ్యే మనవడు పోయాడు. అక్కడికి బండి వెళ్ళదు. బురద, అడవి.

"బండి వెళ్ళకపోతే ప్రొజెక్టరు ఎలా వెళ్తుంది పెద్దమ్మా?" అంది సరంగెరెల్.

"పిండి బస్తా వెళ్ళినట్టే వెళ్తుంది. నా దగ్గర నెమ్మదైన జడలబర్రె ఉంది."

అలా ప్రొజెక్టర్ని కంబళిలో చుట్టి జడలబర్రెకి ఒక పక్క, జనరేటర్ని దాని బరువుకి సరితూగేలా ఇంకో పక్క కట్టారు. రీళ్ళు దుల్మా తన జీను సంచుల్లో పెట్టుకుంది, మొగుణ్ణి నమ్మలేనంటూ. గెలెగ్ పిలవకుండానే వచ్చి, కనుమ దాకా దారి తనకి బాగా తెలుసని చెప్పి ముందు నడిచాడు. పైకి వెళ్ళేకొద్దీ వాన సన్నగా పట్టుకుంది. యంజ్మా తన వాన అంగీ విప్పి ప్రొజెక్టరు మీద కప్పింది.